కొత్త ఊళ్లో మంచి భోజనం ఎలా వెతుక్కోవాలి?

ప్రశ్న: జనవరి చివర్లో నాలుగు రోజులు కోల్‌కతా వెళ్తున్నాం. నేను, నా భార్య, 12, 8 ఏళ్ల పిల్లలు, మా అమ్మ. బస న్యూ మార్కెట్ దగ్గర. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఉల్లి, వెల్లుల్లి పట్టింపు లేదు. మిగతా వాళ్లం అన్నీ తింటాం. పోయినేడాది జైపూర్ వెళ్లినప్పుడు ఫోన్లో 4.6 రేటింగ్ చూసి ఒక హోటల్‌కి వెళ్తే, మన ఊళ్లో దొరికే పనీర్ కూరే మూడింతల డబ్బు పోసి తిన్నట్టయింది. తెలియని ఊళ్లో మంచి హోటల్ ఎలా కనుక్కోవాలి?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: జైపూర్‌లో మీకు జరిగినదానికి మూలం బహుశా మీరు వెతికిన మాటలోనే ఉంది. ‘బెస్ట్ రెస్టారెంట్ నియర్ మీ’ అని కొడితే గూగుల్ మ్యాప్స్ మూడు సంగతులు చూస్తుంది. ఆ చోటు మీకెంత దగ్గర, మీరు అడిగిన మాటకి ఎంత సరిపోతుంది, దానికి ఎంత పేరుంది. మీరు దిగింది టూరిస్టుల ఏరియాలో అయి ఉంటుంది. అక్కడ రేటింగ్ ఇచ్చేవాళ్లూ ఎక్కువమంది మీలాంటి టూరిస్టులే. ఏసీ బాగుందా, టేబుల్ వెంటనే దొరికిందా, పిల్లలు ఏడవకుండా తిన్నారా అని చూసి స్టార్లు ఇస్తారు. ఆ ఊరివాళ్లు రోజూ తినే చోటు ఆ జాబితాలో పైకి రావడం కష్టం.

ఇదే మీ ఊరికి తిప్పి చూడండి. ఒక బెంగాలీ కుటుంబం రాజమండ్రిలో దిగి ‘బెస్ట్ రెస్టారెంట్’ అని వెతికితే ఏదో మల్టీ క్యుజిన్ హాల్లో పనీర్ బటర్ మసాలా తిని వెళ్లిపోతుంది. పొద్దున్నే పెసరట్టు ఉప్మా తినాలనీ, మధ్యాహ్నం ఎండలో రోజ్ మిల్క్ తాగాలనీ వాళ్లకి ఆ వెతుకులాటలో తెలియదు. అందుకే ముందు పదార్థం పేరు పట్టుకోవాలి. తర్వాత దాన్ని అక్కడివాళ్లు ఏ వేళకి తింటారో కనుక్కోవాలి. హోటల్ పేరు ఆఖరున వస్తుంది. ఈ వరస తప్పితే ఎంత మంచి యాప్ వాడినా జైపూరే మళ్లీ జరుగుతుంది.

కోల్‌కతానే తీసుకుందాం. ఉదయం ఏడు నుంచి పది దాకా కొచురీ (లోపల పప్పు కూరిన పూరీ), బంగాళదుంప కూర. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా అన్నం, పప్పు, చేప. సాయంత్రం అయిదు దాటాక తేలేభాజా (మన బజ్జీల వంటివి), రోల్స్, పుచ్కా (మన పానీపూరీ). రాత్రికి బిర్యానీ, మొగలాయ్ వంటలు, చైనీస్. ఒక్కో పూటకి ఒక్కో రకం దుకాణం ఉంటుంది. అన్ని పూటలా అన్నీ దొరికే చోట ఏదీ ఆ వేళకి తాజాగా వండి ఉండదు.

ఇందులో బయటివాళ్లకి తట్టనిది పొద్దుటి సంగతి. కోల్‌కతాలో ఉదయం టిఫిన్ కోసం టిఫిన్ సెంటర్ వెతికితే పెద్దగా దొరకదు, ఎందుకంటే అక్కడ టిఫిన్ సెంటర్ అంటే మిఠాయి కొట్టే. ముందు అద్దాల బీరువాలో సందేశ్ (పాలు విరిచి చేసే మిఠాయి) పళ్లాలుంటాయి. పక్కనో వెనకో పెద్ద మూకుడు పెట్టి, మినప్పప్పు, ఇంగువ కూరిన కొచురీలు వత్తినవి వత్తినట్టు నూనెలో వేస్తుంటారు. పొంగగానే తీసి లెక్కపెట్టి ఆకు దొన్నెలో పెట్టి, మీద పల్చటి బంగాళదుంప కూర పోస్తారు. చాలాచోట్ల దుంప తొక్కతోనే ఉంటుంది, అది వాళ్ల పద్ధతి, శుభ్రం చేయక కాదు. పక్కన వేడి జిలేబీ తీసుకోండి. మీ అమ్మగారు నిశ్చింతగా తినగలిగే పూట ఇదే, ఎందుకంటే ఈ కొట్లలో పొద్దుట పూట మూకుట్లో చేపా, మాంసం పడవు. కాకపోతే కొన్ని కొట్లు సాయంత్రం ఆమ్లెట్లు, లోపల కూర పెట్టి వేయించే చాప్‌లు కూడా వేస్తాయి కాబట్టి ఒక మాట అడగండి. ఎనిమిదికి వెళ్లండి. పదిన్నరకి వెళ్తే మిగిలిపోయి చల్లారి సాగే కొచురీ వస్తుంది, అది తిని కోల్‌కతా కొచురీ ఇంతేనా అనుకుంటారు. కాలేజ్ స్ట్రీట్ దగ్గర పుతీరామ్ ఈ పనికి పేరున్న కొట్టు. దక్షిణేశ్వర్ గుడికి వెళ్లే రోజైతే గుడి చుట్టూ కొచురీ దుకాణాలే, వేరే వెతకక్కర్లేదు. దర్శనం చేసుకుని అక్కడే తినేయండి.

ఇప్పుడు మధ్యాహ్నం. ఆ ఊళ్లో ‘పైస్ హోటల్’ అనే పాత రకం భోజన హోటళ్లు ఇంకా మిగిలాయి. రూపాయికి 16 అణాలు, అణాకి 4 పైసలు ఉన్న రోజుల్లో పైసల్లో భోజనం పెట్టిన చోట్లు గనుక ఆ పేరు. న్యూ మార్కెట్ నుంచి నడిచి వెళ్లే దూరంలో రాణీ రాస్‌మణి రోడ్డులో సిద్ధేశ్వరి ఆశ్రమ్ ఉంది. ప్రెసిడెన్సీ యూనివర్సిటీ (పాత ప్రెసిడెన్సీ కాలేజీ) పక్క భవానీ దత్తా లేన్‌లో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ ఉంది. మన మెస్ లాగే ఉంటాయి గానీ ప్లేట్ మీల్స్ లెక్క కాదు. అన్నం, పప్పు, వేపుడు, కూర, చేప, ప్రతిదానికీ విడిగా ధర. కొన్నిచోట్ల అరిటాకుకీ లెక్క ఉంటుంది. ఆ రోజు వండినవి గోడ మీద పలక మీద రాసి ఉంటాయి, లేదా వడ్డించే ఆయన గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. బిల్లు పెరిగేది చేప దగ్గరే. పబ్దా, చితల్, భెట్కీ వంటివి ఒక్కో ముక్క ధర అన్నం, పప్పు, కూర కలిపిన దానికన్నా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి చేప చెప్పే ముందు ‘ఒక ముక్క ఎంత?’ అని అడగండి. అడగడం అక్కడ తప్పు కాదు, అందరూ అడుగుతారు. రెండు దాటాక వెళ్తే పలక మీద సగం పేర్లు చెరిపేసి ఉంటాయి. అయిదుగురికి అన్నం తప్ప మిగతావి మొదట ముగ్గురికి సరిపడా చెప్పండి. అన్నం ఐదు, పప్పు మూడు, వేపుడు రెండు, ఆలూ పోస్తో రెండు, చేప రెండు. పోస్తో అంటే గసగసాల ముద్ద, మన నోటికి వెంటనే నచ్చే బెంగాలీ వంట అదే. మిగతాది తినేటప్పుడు తెప్పించుకోవచ్చు.

రుచి విషయంలో ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ఆవనూనె వాసన మొదటి ముద్దలో కాస్త గుప్పుమంటుంది. కూరల్లో చక్కెర తగులుతుంది, కారం తక్కువ. ‘కాంచా లంకా’ అంటే పచ్చిమిర్చి తెచ్చి ఆకులో పెడతారు, కొరుక్కుని తినండి. భోజనం శుక్తో అనే చేదు కలిసిన కూరగాయల వంటకంతో మొదలవుతుంది. పప్పు, వేపుడు, చేప అయ్యాక తియ్యటి చట్నీ, అప్పడం, మిఠాయి. చారు రాదు, చివర పెరుగన్నం ఉండదు. ‘దోయి’ అని అడిగితే తియ్యటి మిష్టి దోయి వస్తుంది. అన్నంలోకి పుల్ల పెరుగు కావాలంటే ‘టక్ దోయి’ అనాలి. అన్నం కొన్నిచోట్ల ఉప్పుడు బియ్యంతో ఉంటుంది. మనలా పచ్చి బియ్యంతో కావాలంటే ‘ఆతప్’ బియ్యం అన్నం ఉందా అని అడగండి.

మీ అమ్మగారి విషయంలో మాత్రం జాగ్రత్త. ‘వెజ్’ అనే మాట మీద ఆధారపడొద్దు. అక్కడ పప్పు చేప తలతో వండడం మామూలు. సొరకాయ కూరలో, అరటిపువ్వు కూరలో చిన్న రొయ్యలు వేస్తారు. ఛాంచ్‌డా అనే కలగూరలో చేప తల, ముళ్లు కలుస్తాయి. పేరు వింటే కూరగాయే, కంచంలోకి వచ్చాక తెలుస్తుంది. కాబట్టి ‘నిరామిష్’ అనండి. మాంసం, చేప, గుడ్డు లేనిదని అందరికీ అర్థమయ్యే మాట అది. సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. తర్వాత విడిగా ‘మాఛ్ నేయ్? చింగ్డీ నేయ్?’ అని అడగండి, చేప లేదు కదా, రొయ్య లేదు కదా అని. సాయంత్రం వేయించే వెజిటబుల్ చాప్ లోపల బీట్‌రూట్, క్యారెట్టే గానీ, అదే నూనెలో చేప ఫ్రై, గుడ్డు చాప్ వేగుతుంటాయి. రోల్ దుకాణంలో ఎగ్ రోల్, పనీర్ రోల్ ఒకే పెనం మీద కాలుస్తారు. ఇవి ఆవిడకి పట్టింపు అయితే ఆ పూట ఆవిడని మిఠాయి కొట్టుకే తీసుకెళ్లండి. పూర్తి శాకాహార భోజనం కావాలంటే బడాబజార్‌లో మార్వాడీల భోజనాలయాలు, భవానీపూర్‌లో గుజరాతీలు ఉండే వీధుల చుట్టూ వెజ్ హోటళ్లు చూడండి. కాళీఘాట్ దర్శనం రోజు అక్కణ్నుంచి లేక్ మార్కెట్ దగ్గరే. దక్షిణాదివాళ్లు తరాలుగా స్థిరపడిన చోటు అది, ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ దొరుకుతాయి. మూడో రోజుకి ఆవిడకి చారు మీద బెంగ పడితే ఆ వీధులు అక్కరకొస్తాయి. ఎస్ప్లనేడ్‌లో మెట్రో ఎక్కి కాళీఘాట్ స్టేషన్‌లో దిగితే చాలు.

ఏ ఊరికైనా పనికొచ్చే ఫోన్ పని ఇదీ. ప్రయాణానికి వారం ముందు గంటసేపు కూర్చుంటే సరిపోతుంది. పదార్థం పేరుని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆ ఊరి భాషలోకి మార్చి, ఆ అక్షరాలే మ్యాప్‌లో పెట్టి వెతకండి. వెంటనే జాబితా మారిపోతుంది, స్థానికులు రివ్యూలు రాసే చిన్న చోట్లు బయటికి వస్తాయి. దొరికినదాని మీద మొదట రేటింగ్ కన్నా రివ్యూల సంఖ్య చూడండి. 40 మంది ఇచ్చిన 4.9 కన్నా ఆరు వేలమంది ఇచ్చిన 4.1 నమ్మదగ్గది. తర్వాత ‘కొత్తవి ముందు’ అని మార్చి చివరి ఇరవై చదవండి. వంటవాడు మారినా, యజమాని మారినా పాత స్టార్లు అలాగే ఉంటాయి, తేడా ఈ ఇరవైలోనే కనపడుతుంది. ‘ఫలానా అబ్బాయి బాగా సర్వ్ చేశాడు’ అని వరసగా పేరు పెట్టి పొగిడే రివ్యూలు ఎక్కువ ఉంటే, టేబుల్ దగ్గరే అడిగి రాయించుకుంటున్నారని అర్థం చేసుకుని ఆ స్టార్లు పక్కన పెట్టేయండి. ఒక స్టార్ ఇచ్చినవాళ్లలో ‘ఆలస్యమైంది’, ‘మర్యాద లేదు’ అన్నవాటిని వదిలేయవచ్చు. రద్దీ హోటల్‌లో అవి తప్పవు. ‘కడుపు చెడింది’, ‘వాసన వచ్చింది’ అనేవి రెండు నెలల్లో రెండు కనిపిస్తే మాత్రం ఆ చోటు కొట్టేయండి. ఫోటోల్లో యజమాని పెట్టినవి కాకుండా తిన్నవాళ్లు పెట్టినవి చూడండి. మెనూ ఫోటో కూడా అక్కడే దొరుకుతుంది, అది ఎప్పటిదో తేదీ చూస్తే ధరల అంచనా వస్తుంది. పని రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి రద్దీ గ్రాఫ్ పైకి లేస్తే, అక్కడ పనిచేసుకునేవాళ్లు తింటున్నారని నమ్మొచ్చు.

ఫుడ్ యాప్‌లలో డెలివరీ రేటింగ్ వేరు, కూర్చుని తిన్నవాళ్ల రేటింగ్ వేరు. రెండోదే మీకు కావలసింది. డెలివరీకి మాత్రమే వండే వంటగదులకి కూర్చునే చోటే ఉండదు, అడ్రసు పట్టుకుని వెళ్లి మెట్ల కింద తలుపు చూసి వెనక్కి వస్తారు. వీడియోలు చూస్తే కింద కామెంట్లలో ఆ ఊరివాళ్లు ఏమన్నారో చదవండి, వీడియో కన్నా అవే పనికొస్తాయి.

పేరున్న చోటు ఎంచుకుంటే అడ్రసు సరిచూసుకోవాలి. హైవే పొడవునా ఆత్రేయపురం పూతరేకుల బోర్డులు ఎలా ఉంటాయో, ప్రతి ఊళ్లోనూ పేరున్న హోటల్‌కి అలా ఒకే పేరుతో, ఒక అక్షరం తేడాతో ఇంకో నాలుగు ఉంటాయి. బ్రాంచి అయినా సరే అనుకుంటే, ఆ బ్రాంచి రివ్యూలు విడిగా చదవండి.

ఫోన్ తర్వాత మనుషులు. ‘ఇక్కడ మంచి హోటల్ ఏది?’ అని అడగకండి. ఆ మాట వినగానే ఎవరైనా కుటుంబంతో వచ్చినవాళ్లకి తగిన ఖరీదైన చోటే చెప్తారు. ఆటో, టాక్సీవాళ్లకి కొన్ని హోటళ్లు కమీషన్ కూడా ఇస్తాయి. ‘మీరు పొద్దున కొచురీ ఎక్కడ తింటారు?’ అని ఒక పదార్థం, ఒక పూట చెప్పి అడగండి. లాడ్జి కౌంటర్ కన్నా మందుల షాపులో, పుస్తకాల షాపులో అడిగితే మేలు, అదే వీధిలో రోజూ తినేవాళ్లు వాళ్లు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, ఒకే పేరు రెండుసార్లు వస్తే అక్కడికి వెళ్లండి.

గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూశాకే కూర్చోండి. తింటున్నవాళ్ల కంచాల్లో ఒకే పదార్థం ఎక్కువ కనిపిస్తే అదే చెప్పాలి, మెనూ చదవక్కర్లేదు. అన్నం గిన్నెలోంచి ఆవిరి వస్తోందా, నూనె నల్లబడి నురుగు కడుతోందా, కంచాలు కడిగే నీళ్లు మారుస్తున్నారా చూడండి. రెండు వందల పదార్థాల మెనూ ఉంటే ఒకటి రెండు రకాల గ్రేవీ ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, అందులో పనీర్ పడితే ఒక పేరు, చికెన్ పడితే ఇంకో పేరు పెడతారు. మీ జైపూర్ పనీర్ కూడా బహుశా ఆ కుటుంబానిదే. పెద్ద స్టేషన్ల ఎదురుగా ఉన్న హోటళ్లలో చాలావాటికి తిన్నవాడు మళ్లీ రావాలన్న అవసరం లేదు, రేపు ఇంకో రైలు వస్తుంది. అక్కడ టీ, బిస్కెట్ దాటి వెళ్లకపోవడం మంచిది. భోజన సమయంలో ఖాళీగా ఉన్న హోటల్ బయట నిలబడి మిమ్మల్ని లోపలికి పిలుస్తున్నారంటే ముందుకు నడవండి.

మీ బస దగ్గరే రోల్స్, కబాబ్‌లు బాగా దొరుకుతాయి. రోల్స్‌కి పేరున్న నిజామ్స్ హోటల్ ఆ పక్కనే. ఆ చుట్టుపక్కల కొన్నిచోట్ల బీఫ్ కూడా వండుతారు, తినకపోతే ఆర్డర్‌కి ముందే అడగండి. బిర్యానీ ఒక ప్లేట్ ఒకరికే. ఒక ముక్క మాంసం, ఒక పెద్ద బంగాళదుంప వస్తాయి. హైదరాబాద్ బిర్యానీ కారం, మసాలా అందులో ఉండవు, సువాసన ఎక్కువ. పిల్లలకి అది నచ్చుతుంది. ఎస్ప్లనేడ్ దగ్గర డేకర్స్ లేన్‌లో చికెన్ స్ట్యూ, బ్రెడ్ కూడా పిల్లలకి బాగుంటుంది, కానీ అది ఆఫీసు జనం వీధి, ఆదివారం వెళ్తే వెలవెలబోతుంది. ఆదివారం పొద్దున్నే లేవగలిగితే టిరెట్టా బజార్‌లో చైనీస్ టిఫిన్ ఉంటుంది. ఆరు, ఆరున్నరకి అక్కడుండాలి, ఎనిమిదికి సర్దేస్తారు. పంది మాంసం ఎక్కువ, అమ్మగారిని పడుకోనివ్వండి. పుచ్కా నీళ్లు మాత్రం మొదటి రెండు రోజులు పిల్లలకి వద్దు. పొడిగా ‘శుక్నో’ పుచ్కా ఇమ్మంటే లోపల కూర మాత్రమే పెట్టి ఇస్తారు.

దిగిన మొదటి రాత్రి భోజనం ఎక్కడో మాత్రం బయల్దేరకముందే, ఇంటి దగ్గరే తేల్చుకోండి. అలసిపోయి, ఆకలితో, పిల్లలు విసిగిపోయి ఉన్నప్పుడే తప్పు హోటల్‌లోకి వెళ్తాం. లాడ్జికి పది నిమిషాల నడకలో రెండు చోట్లు రాసి పెట్టుకోండి, ఒకటి మూసేసి ఉంటే రెండోది. తర్వాతి రోజులకి రోజుకి రెండు పూటలే ముందు అనుకోండి, మూడోది అక్కడ కనిపించినదానికి వదలండి. మధ్యాహ్నం భోజనం కోసం, ఆ వేళకి మీరున్న చోటు నుంచి కిలోమీటరున్నర దాటి వెళ్లొద్దు. ఆ ట్రాఫిక్‌లో చేరేసరికి చేపలు అయిపోతాయి.

బిల్లు సంగతి. బయట హోటళ్లలో జీఎస్టీ మామూలుగా 5 శాతం. సర్వీస్ చార్జీ అని ఇంకో వరస కనిపిస్తే అది మీ ఇష్టం, తీసేయమని అడగొచ్చు. బిల్లులో దాన్ని ఆటోమేటిక్‌గా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు బిల్లు మీద ఉండాలి.

మీరు వెళ్లేది జనవరి చివర కాబట్టి అదృష్టవంతులు. అది నొలేన్ గుడ్ కాలం. చలికాలంలో ఈత చెట్టు నుంచి తీసిన రసంతో చేసే కొత్త బెల్లం అది. ఆ బెల్లంతో చేసిన సందేశ్, రసగుల్లా లేత గోధుమరంగులో ఉంటాయి, పొగ సోకినట్టు ఒక కమ్మటి వాసన. హెదువా దగ్గర గిరీశ్ చంద్ర దే అండ్ నకూర్ చంద్ర నందీ, బౌబజార్‌లో భీమ్ నాగ్, భవానీపూర్‌లో బలరామ్ మల్లిక్, మూడూ సందేశ్‌కి పేరున్నవి. కొట్లో నిలబడి తినడానికి మెత్తటి ‘నొరోమ్ పాక్’ అడగండి, అది ఆ పూటే తినాలి. ఊరికి తీసుకురావడానికి గట్టి ‘కొరా పాక్’ కట్టించుకోండి. రైలెక్కే రోజు మధ్యాహ్నమే కొని, డబ్బా మూత బిగించకుండా కాగితం చుట్టించి, బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి.